సముద్రానికి ఒడ్డు, కొండకు మకాం

మాది ఎస్.కోట. డాబా ఎక్కితే పడమట అనంతగిరి కొండలు కనిపిస్తాయి. తూర్పుకి బండి తిప్పితే గంటన్నరలోపే భీమిలి సముద్రం. కొండకీ సంద్రానికీ మధ్య గుమ్మంలాంటి ఊరు కావడంతో సెలవులు దగ్గరపడ్డాయంటే చుట్టాల ఫోన్లన్నీ నాకే. అరకు చూడాలి, స్కూబా కూడా చెయ్యాలి, రెండు రోజులే ఉన్నాయి ఎలాగని ఒకరు అడుగుతారు. అండమాన్లోనో మాల్దీవుల్లోనో వారం పాటు పడవలోనే తిని, పడవలోనే పడుకుని, రోజూ మునిగే ట్రిప్పు మంచిదా, ఒడ్డున గది తీసుకుని పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేది మంచిదా అని ఇంకొకరు అడుగుతారు. డైవింగ్ వాళ్లు మొదటిదాన్ని లివ్‌అబోర్డ్ అంటారు. నేను మకాం పడవ అంటాను.

ఇద్దరికీ నా జవాబు ఒకటే. సముద్రం దగ్గరికి వెళ్తే ఒడ్డునే పడుకోండి. మకాం వెయ్యాలన్న కోరిక గట్టిగా ఉంటే కొండమీద వెయ్యండి. అదీ ముందు కొండ, తర్వాతే సముద్రం.

అందరూ చేసేది దీనికి సరిగ్గా ఎదురు. విశాఖలో దిగగానే సముద్రం కనబడుతుంది కాబట్టి ముందు ఋషికొండలో మునుగుతారు. మధ్యాహ్నం ఘాట్ ఎక్కుతారు. అరకుని అయిదారు గంటల్లో చుట్టేసి రాత్రికి దిగిపోతారు. డబ్బు కూడాక మాత్రం మకాం పడవ కావాలంటారు. అందుకే నా సలహా తలకిందులుగా ఉందని మా ఇంట్లోవాళ్లే అంటారు. ఉండనివ్వండి.

ఫోన్లో ఎవరైనా చింతపల్లి వెళ్తున్నామంటే ఏ చింతపల్లి అని అడగడం నాకు అలవాటైపోయింది. మనకి చింతపల్లులు రెండున్నాయి. ఒకటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, లంబసింగికి దగ్గర, కాఫీ తోటల మధ్య. 1922 ఆగస్టు 22న రామరాజు దళం తుపాకుల కోసం మొదట పడింది ఆ ఊరి పోలీసు స్టేషన్ మీదే. రెండోది విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో, కెరటాల పక్కన. అక్కడ మునిగిపోయిన ఓడ చుట్టూ డైవర్లు దిగుతారు. రెండూ చూడాలనుకునేవాళ్లు కొండ చింతపల్లి చూసి దిగి వచ్చి, ఆ తర్వాతే సముద్రపు చింతపల్లికి వెళ్లాలి. ఈ వరుస తప్పకూడదని ఎందుకంత పట్టుబడతానో చెబుతాను.

నీళ్లలో 10 మీటర్లు దిగితే ఒంటిమీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. సిలిండర్ గాలిలో ముప్పాతిక వంతుకు పైగా నత్రజనే. అది ఒంటికి ఏ పనికీ రాదు, కానీ ఒత్తిడి పెరిగేకొద్దీ నెత్తుట్లో, కండలో, కొవ్వులో కరుగుతూ పోతుంది. పైకి వచ్చాక ఊపిరితో మెల్లగా బయటికి పోవాలి, దానికి గంటలు పడుతుంది. గోళీసోడా గోళీ నొక్కగానే ఏమవుతుందో చూశారుగా. ఒత్తిడి ఒక్కసారి తగ్గితే కరిగిన వాయువు బుడగలు కడుతుంది. ఒంట్లో ఆ బుడగలు కట్టినప్పుడు కీళ్లు నొప్పి పుడతాయి, చేతులు తిమ్మిరెక్కుతాయి, చెప్పలేనంత నీరసం వస్తుంది. ముదిరితే వెన్నుపాముదాకా పోతుంది.

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. దారిలో శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్లు. అంత ఎత్తులో గాలి ఒత్తిడి మన ఒడ్డుకన్నా దాదాపు పదో వంతు తక్కువ. పొద్దున మునిగినవాడు మధ్యాహ్నానికి ఘాట్ ఎక్కడమంటే గోళీ ఇంకాస్త లోపలికి నొక్కడమే. డైవింగ్ ప్రమాదాల మీద పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ విమానం ఎక్కేవాళ్లకి ఒక లెక్క చెప్పింది. ఒక్కసారి మామూలుగా మునిగితే కనీసం 12 గంటలు ఆగాలి. రోజుకి రెండు మూడు సార్లు గానీ వరసగా కొన్ని రోజులు గానీ మునిగితే 18 గంటలు. పైకి వస్తూ మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సినంత లోతుకి, అంతసేపు వెళ్లినవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువ ఆగాలి. ఆ లెక్క 2,000 అడుగులు, అంటే 610 మీటర్లు దాటిన ఎత్తుకి. బొర్రా గుహలు చేరేసరికే ఆ గీత దాటిపోతాం. కిటికీలోంచి మబ్బులు కనబడకపోయినా, విమానానికి చెప్పిన మాట మన ఘాట్ రోడ్డుకీ వర్తిస్తుంది.

రెండేళ్ల కిందట మా అప్ప కొడుకు హైదరాబాద్ నుంచి స్నేహితులతో వచ్చాడు. పొద్దున రెండు డైవులు, మధ్యాహ్నం భోజనానికి అనంతగిరి, రాత్రికి అరకు. ఆ కార్యక్రమం వేసిన ట్రావెల్స్ ఆయనకి నేనే ఫోన్ చేశాను. ఏం కాదండీ, రోజూ పంపిస్తూనే ఉన్నామన్నాడు. ఆ మాటకి నాకు కోపం కన్నా భయం ఎక్కువ వేసింది. కారు ఎస్.కోట వచ్చేసరికి రోడ్డుమీద నిలబడి అందరినీ ఇంటికి తీసుకొచ్చాను. "ఏటి మావయ్యా, రిసార్టుకి డబ్బులు కట్టేసేం" అని వాడు గింజుకున్నాడు. ఆ డబ్బు పోయింది. ఆ రాత్రి మా డాబామీద పడుకుని మర్నాడు మధ్యాహ్నం కొండెక్కారు. ఎక్కినా ఏమీ అయ్యేది కాదని వాడు ఇప్పటికీ అంటాడు. అయ్యుండకపోవచ్చు. తక్కువ లోతులో పావుగంట మునిగి కొండెక్కినవాళ్లు చాలామంది బాగానే ఉన్నారు. కానీ అనంతగిరి మలుపుల్లో మోకాలు లాగితే ప్రయాణపు నొప్పి అనుకుంటాం. తిమ్మిరెక్కితే కాలు మడిచి కూర్చున్నామనుకుంటాం. ఈ జబ్బుకి మొదట కావల్సింది ఆక్సిజన్, ఆ తర్వాత మళ్లీ ఒత్తిడి పెంచి మెల్లగా తగ్గించే ప్రత్యేకమైన గది. ఆ రెండూ కొండమీద ఏ మలుపులో దొరుకుతాయి? వరుస మారిస్తే ఈ బెంగంతా ఉండదు. కొండ దిగి వచ్చి మునిగినవాడికి ఎత్తు వెనకబడి రాదు.

రెండే రోజులుంటే రెండింటిలో ఒకటి వదిలెయ్యండి. ఇది ఎవరికీ రుచించని సలహా. కానీ సగం సముద్రం, సగం కొండ చూసి వెళ్లినవాళ్లకి ఏదీ పూర్తిగా గుర్తుండకపోవడం చూస్తూనే ఉన్నాను.

ఇక పడవ సంగతి. మన తీరంలో డైవింగంటే ఒడ్డునుంచి చిన్న పడవలో వెళ్లి అదేరోజు తిరిగి రావడమే. అది లోటని చాలామంది అనుకుంటారు. నాకు అది వరంలా కనిపిస్తుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి మరబోట్ల మీద వేటకి పోయే మనుషులు పది పదిహేను రోజులు సముద్రంమీదే వండుకుని, సముద్రంమీదే పడుకుంటారు. అది వాళ్ల బతుకు. వాళ్లని అడిగితే సంద్రంలో నిద్ర ఎలాంటిదో చెబుతారు. అడగడం మొహమాటమైతే ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి ఎక్కండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. ఆ ఇరుకు పడకల మధ్య పది నిమిషాలు కదలకుండా నిలబడండి. ఊపిరాడనట్టు అనిపిస్తే మకాం పడవకి డబ్బు కట్టకండి.

నేను ఒకసారి కట్టాను. పరాయి సముద్రంలో ఆరు రాత్రులు. రోజుకి మూడు డైవులు, ఒకోరోజు రాత్రి నాలుగోది. మూడోరోజుకి జలుబు చేసి ఎడమ చెవి మూసుకుపోయింది. ఒడ్డున ఉండుంటే ఆ పూట మానేసి, మిరియాల చారు తాగి పడుకునేవాణ్ని. పడవలో అందరూ దిగుతున్నారు, డబ్బు ముందే కట్టాను, ఆరోజు మునిగే దిబ్బ దగ్గరికి మళ్లీ రామన్నారు. దిగాను. చెవిలోంచి నెత్తురు వచ్చింది. ఆ చెవికి ఇప్పటికీ సన్న చప్పుడు సరిగా వినబడదు. పడవవాళ్ల తప్పేమీ లేదు. ముందే కట్టిన డబ్బు ఒంటిమాట విననివ్వదు, అదే మకాం పడవతో వచ్చే అసలు చిక్కు. పైగా రోజుకి మూడు నాలుగు సార్లు మునిగితే నత్రజని పూర్తిగా వదలకముందే మళ్లీ చేరుతూ ఉంటుంది.

రాత్రి భయం ఇంకొకటి. 2019 సెప్టెంబర్ 2 తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే మకాం పడవ తగలబడింది. కింది అంతస్తులో నిద్రపోతున్న 33 మంది ప్రయాణికులు, ఒక సిబ్బంది మనిషి చనిపోయారు. రాత్రంతా తిరిగే కాపలా మనిషి లేకపోవడాన్ని దర్యాప్తు తప్పుపట్టింది. అన్నీ విన్నాక కూడా వెళ్తానంటే ఎక్కేముందు ఒక్కటే అడగండి, రాత్రి మేలుకుని ఉండేది ఎవరని. ఒక పేరు చెప్పలేకపోతే దిగిపోండి.

మకాం పడవలోనే చేరగలిగే చోట్లు ఉన్నాయి, కాదనను. అండమాన్లో బారెన్ ద్వీపం మన దేశంలో నిప్పు కక్కే ఒకే ఒక్క అగ్నిపర్వతం. దాని చుట్టూ నీళ్లు చూడాలంటే ఒడ్డున గది తీసుకుంటే కుదరదు. యాభై అరవై డైవులు చేసినవాళ్లు వెళ్లండి, సంతోషం. మిగతావాళ్లు స్వరాజ్ ద్వీపంలో, అదే మనం హావలాక్ అనేదానిలో, ఒడ్డున ఉండండి. వెళ్లడానికి మాత్రం విశాఖ నుంచి శ్రీ విజయపురం, అదే మనం పోర్ట్ బ్లెయిర్ అనేదానికి, పోయే ప్రయాణికుల ఓడ తారీఖులు కనుక్కోండి. రెండున్నర మూడు రోజులు పడుతుంది, అంత సమయం ఎక్కడిదని కోప్పడతారు. కానీ సముద్రంలో పడుకోవాలన్న ముచ్చట ఆ ఓడే తీరుస్తుంది. తిరుగు ప్రయాణంలో ఎత్తు భయం లేదు కాబట్టి విమానం కోసం ఒక రోజు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. సిక్కోలు నుంచీ విశాఖ నుంచీ అండమాన్ వెళ్లి స్థిరపడిన మనవాళ్లు ఎందరో. ఆ ఓడలో మన యాస వినబడుతుంది.

ఒడ్డున ఎవరి దగ్గర దిగాలంటే మిమ్మల్ని వద్దనేవాడి దగ్గర. ఆయాసం ఉందా, గుండె జబ్బుందా, చెవికి ఆపరేషన్ అయిందా, జలుబుందా, నిన్న తాగారా అని కాగితం నింపించి, వాటిలో ఒకటి ఉందనగానే ఈసారికి వద్దమ్మా అనేవాణ్ని వదలకండి. పదేళ్లు నిండని పిల్లల్ని దింపననేవాడికి దణ్ణం పెట్టండి. ఏం కాదండీ అనేవాడి దగ్గర్నుంచి లేచిపొండి, అడ్వాన్సు పోయినా సరే. పడవలో ఆక్సిజన్ సిలిండర్ చూపించమనండి. రేపు ఎటు వెళ్తున్నారని అతను అడిగాడా లేదా గమనించండి. అరకు అని మీరు చెప్పగానే మొహం మారాలి. మొదటిసారి దిగేటప్పుడు కెమెరా ఒడ్డునే వదిలెయ్యండి. ఊపిరి ఎక్కడా బిగబట్టకుండా పీలుస్తూ వదులుతూ ఉండడమే ఆ రోజుకి మీ పని. వీడియో మీద ధ్యాస పెట్టినవాడు మొదట మర్చిపోయేది దాన్నే.

నెల ఎంచుకోవడానికి సముద్రం వైపు చూడకండి, కొండ వైపు చూడండి. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బొర్రా దగ్గర ఆ నీరు ఎర్రగా ఉందంటే నాలుగు రోజులాగి భీమిలి సముద్రంలో మీ చెయ్యి మీకే కనబడదు. కొండ వాలుల్లో అడవి పోయి మట్టి కదిలినా, కొండ తవ్వినా ఆ మట్టి చేరేది అక్కడికే. బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో గిరిజనేతరులకిచ్చిన గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పిచ్చింది. అది గిరిజనుల భూమి కోసం వచ్చిన తీర్పు. అయినా భీమిలిలో మాస్క్ పెట్టుకునేవాడు కూడా తెలుసుకోవాల్సిందని నా నమ్మకం.

అక్టోబర్, నవంబర్లలో తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి కిందికి వస్తుంది, గంగ లాంటి పెద్ద నదుల నీటిని మోసుకుంటూ. తుపానుల కాలం కూడా అదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖమీద పడిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. ఫిబ్రవరి నుంచి ప్రవాహం ఎదురు తిరుగుతుంది, నదులు సన్నబడతాయి. అందుకని ఎండలు ముదురుతుంటే లోకమంతా కొండకి పరుగెత్తే మార్చిలో నేను మనుషుల్ని సముద్రంలోకి పంపుతాను. వానలకి జనం కొండ మానేసే ఆగస్టులో అరకు పంపుతాను. కొండచరియలు పడి రైలో, రోడ్డో ఒక పూట ఆగొచ్చు. మకాం వేసినవాడికి ఆ పూట నష్టం కాదు.

ఆ మకాం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. 2017 ఏప్రిల్లో రైలుకి అద్దాల పెట్టె వచ్చాక పొద్దున ఎక్కి, సొరంగాలు లెక్కపెట్టి, బొర్రా చూసి, థింసా ముందు ఫొటో దిగి, సాయంత్రానికి దిగిపోవడమే అరకు అయిపోయింది. వంజంగి కొండ అయితే మరీనూ. అర్ధరాత్రి బయల్దేరి, మబ్బుల సముద్రంమీద పొద్దు పొడవడం చూసి, టిఫిన్ వేళకి వెనక్కి. సముద్రంలో ఆరు రాత్రులకి అప్పు చేసేవాళ్లు ఇక్కడ మూడు రాత్రులు ఇవ్వలేరా?

మూడు రాత్రుల్లో ఒకటి గురువారం అయ్యేలా చూసుకోండి. తెల్లారితే శుక్రవారం, అరకు సంత. కొండ దారులమ్మట కావిళ్లు, బుట్టలు దిగుతాయి. చోళ్లు, సామలు, పసుపు, చింతపండు, అడ్డాకులు. ఆదివాసీ ఒడియా, కువి, తెలుగు ఒకే గోనెపట్టా మీద బేరమాడుకుంటాయి. అక్కడ బేరం చెయ్యకండి. కొండ దిగేసరికి ఆ పసుపు ధర ఎంతవుతుందో మీకూ తెలుసు. చోడి అంబలి పొద్దున్నే తాగండి, ఒక్కరోజుకి దాని రుచి తెలియదు, మూడోరోజు తెలుస్తుంది. అక్టోబర్ దాటాక వస్తే పొలాల నిండా వలిసె పూలు పసుపు పరిచినట్టుంటాయి. నవంబర్ నుంచి కాఫీ పళ్లు కోస్తారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు కాఫీ సిల్వర్ ఓక్ నీడన, మిరియపు తీగల పక్కన ఎలా ఎర్రబడుతుందో కోసే చేతుల పక్కన నిలబడి చూడండి. వీలైతే ఒక బుట్ట కోసిపెట్టండి. రాత్రి పడుకున్నాక కిరండూల్ వైపునుంచి ఇనుప ఖనిజం మోసే గూడ్సు దిగే చప్పుడు వినండి. బైలదిల్లా ఖనిజం జపాన్‌కి పంపడానికే 1960లలో ఈ లైను వేశారు. ఆ చప్పుడు పగటి ప్రయాణికులకి రైలు శబ్దం, రాత్రి ఉన్నవాడికి కొండ కరిగి సముద్రానికి పోతున్న శబ్దం.

ఎక్కడ దిగాలో ఎంచుకునేటప్పుడు స్విమ్మింగ్ పూల్ ఉందా అని కాదు, ఈ ఇల్లు ఎవరిదని అడగండి. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. మీ గది అద్దె ఆ నేల మనుషుల చేతికి చేరుతుందో లేదో తెలుసుకోవడం మీ బాధ్యత. ఊళ్లోకి వెళ్తే అడగకుండా ఫొటో తియ్యకండి. జీలుగు కల్లు ఎవరైనా ఆదరంతో ఇస్తే మొదటి రాత్రి పుచ్చుకోండి, దిగే ముందురోజు మాత్రం వద్దు. మునిగేవాడి ఒంట్లో నీళ్లు నిండుగా ఉండాలి, కల్లు వాటిని తోడేస్తుంది.

దిగేటప్పుడు రైలెక్కండి, కిటికీ పక్క సీటు. నిద్రపోకండి. అరకు నుంచి కిందిదాకా కొండంతా దిగితే చెవులమీద పెరిగే ఒత్తిడి ఎంతో తెలుసా? ఒక్క మీటరు నీటిది. నీళ్లలో ఆ ఒక్క మీటరు కొన్ని క్షణాల్లో దాటేస్తారు, ఇంకా ఎన్నో మీటర్లు మిగిలి ఉంటాయి. అందుకే నాకు ఈ ఘాట్‌కి మించిన పరీక్ష కనబడదు. శిమిలిగుడ దాటాక చెవులు బిగుసుకోవడం మొదలవుతుంది. నొప్పి పుట్టకముందే గుటక వెయ్యండి, లేదా ముక్కు మూసుకుని నోరు బిగించి మెత్తగా ఊదండి, టప్‌మని తెరుచుకోవాలి. బలంగా ఊదకండి. చిమిడిపల్లి, త్యాడ, శివలింగపురం, ప్రతి స్టేషన్‌కీ ఒకసారి. బొడ్డవర దగ్గర కొండ అయిపోతుంది. అక్కడ రెండు చెవులూ ఒకేలా వినిపిస్తే ఋషికొండకి ఫోన్ చేసి రేపు పొద్దున వస్తున్నామని చెప్పండి. ఒక చెవి మూసుకునే ఉంటే తర్వాతి స్టేషన్ ఎస్.కోట, దిగి మా ఇంటికి రండి.